మొదటి రోజు గీత

"పొద్దుగూకేసరికి అలిశానంటే నమ్ముతా. పొద్దున లేవగానే అలిశానంటే ఎట్టా నమ్మేదే?" అన్నది కరుణమ్మ, రేకుల నీడలో కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కకు వేస్తూ.

కోడలు జయకుమారి తలకూ ముక్కుకూ కలిపి తువ్వాలు చుట్టుకుని, కళ్ళంలో ఎండబోసిన మిర్చిని కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేస్తోంది. ఆ ఏడు కాయ ఎంత ఘాటుగా దిగిందంటే, వాళ్ళ కళ్ళంలో ఒకరు తుమ్మితే పర్చూరు బస్టాండులో కూర్చున్నవాడు చిరంజీవ అన్నాడని చెప్పుకున్నారు. అన్నవాడెవడో ఇంతవరకూ తేలలేదు గానీ, తుమ్మినవాళ్ళకు మాత్రం లెక్కలేదు.

అత్త అడిగినదాంట్లో తప్పేముందని జయకుమారి కూడా అనుకుంటూ ఉంటుంది. ఆమెకు పట్టుకున్న అలుపు అట్లాంటిది మరి. రెండేళ్ళుగా అది ఆమెకంటే ముందే లేచి మంచం పట్టె మీద కూర్చుని ఉంటోంది. కళ్ళు తెరవగానే, వచ్చావా, పద అంటుంది. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు ఎర్రటి టానిక్కు ఇచ్చాడు. పాస్టరు నతానియేలు గారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. టానిక్కు అయిపోయింది, ప్రార్థన అయిపోయింది, అలుపు మాత్రం అయిపోలేదు. భర్త జక్రయ్య ఒకరోజు వేళ్ళు మడిచి మరీ చెప్పాడు: గ్యాసుపొయ్యి ఉంది, మిక్సీ ఉంది, ఇంటిముందు కుళాయి ఉంది, సాయానికి మా అమ్మ ఉంది, ఇంకా నీకు అలుపు ఏ దారిన వస్తుందే అని. ఆ వేళ్ళు మడవడానికి తప్ప ఆ చెయ్యి ఇంట్లో ఇంకే పనికీ లేచింది లేదు గానీ, ఆ మాట అప్పుడు ఆమెకు తట్టలేదు. నిజమే, ఏ దారిన వస్తోందని ఆలోచనలో పడింది.

ఆ ఆలోచన పోయి పోయి ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలుసు. దాచేపల్లిలో వాళ్ళ పిన్ని ఉండేది. ఒకరోజు బట్టలు ఉతుకుతూ ఉతుకుతూ ఆ బండ మీదే కూర్చుండిపోయింది. లేవమంటే లేవలేదు. మతి పోయిందన్నారు, గాలి సోకిందన్నారు, మంచి మంచి పేర్లన్నీ పెట్టారు. అలిసిపోయి కూర్చుందేమో అని మాత్రం ఒక్కళ్ళూ అనలేదు. జయకుమారి రోజూ అంట్ల దగ్గర కూర్చున్నప్పుడు, పని అవగానే చప్పున లేచి నిలబడేది. లేవగలుగుతున్నానా లేదా అని తనను తాను చూసుకోవడం అది. ఇంతకీ నేను బద్ధకస్తురాలినా, పిచ్చిదాన్నా? ఈ రెంటిలో ఏదో ఒకటి తేలితే బాగుండునని ఉండేది. మూడోది ఒకటి ఉంటుందని ఆమెకు తోచలేదు.

ఇదంతా ఇప్పుడే ముంచుకు రావడానికి కారణం చెంచురామయ్య గారి రెండెకరాలు. ఆయన కౌలుకు ఇస్తానన్నాడు. ఉగాదిలోపు మాట చెప్పాలి. జక్రయ్య టీకొట్టు దగ్గర అప్పుడే సగం చెప్పేశాడట కూడా. చేయగలవా ఇంకో రెండెకరాలు మిరప, అని ఎవరో అంటే, "మా జయ ఉందిగా" అన్నాడట. ఆ మాట మెచ్చుకోలుగానే ఊరంతా తిరిగి ఇంటికొచ్చింది. నారు పోయడం దగ్గర్నుంచి కాయ కోసేదాకా, వంగిన నడుము ఎవరిదో ఎవరూ అనుకోలేదు. వద్దని చెప్పాలని ఆమె నాలుక చివరిదాకా వచ్చేది. ఎందుకు వద్దంటే? చేతకాక. ఎందుకు చేతకాదంటే? ఏమో. ఏమో అన్నదానికి కౌలు ఆగదు కదా.

అట్లాంటి రోజుల్లో ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక, శ్రీదివ్య అనే అమ్మాయి మందిరంలో నిలబడి మాట్లాడింది. గుంటూరులో మనస్తత్వశాస్త్రం చదువుతూ, బ్రాడీపేటలో హాస్టల్లో ఉంటోందట. మిర్చి పనుల్లో ఉండే ఆడవాళ్ళ అలసట మీద పరిశోధన. పాస్టరు గారు ఒప్పుకున్నారు, పద్నాలుగుమంది ఆడవాళ్ళు ఆగారు. ఆ అమ్మాయి చెప్పింది ఇదీ: ఒక మనిషి గురించి తెలుసుకోవడానికి నాలుగు దారులు ఉన్నాయి. ఆ మనిషినే అడగడం ఒకటి. దగ్గరున్నవాళ్ళను అడగడం రెండోది. ఆస్పత్రిలోనో బడిలోనో రాసిపెట్టిన కాగితాలు చూడడం మూడోది. ఏదైనా పని ఇచ్చో, చేతికి యంత్రం కట్టో ఏం చేస్తున్నారో చూడడం నాలుగోది. ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మకూడదు, నాలుగూ పక్కపక్కన పెట్టి చూడాలి.

"రెండో దారి నాకు మాత్రం వద్దమ్మా," అన్నది మహిమ, వెనక చాప మీంచి. "మా ఆయన్ను అడగబాక. నా వయసు అడిగితే గేదె వయసు చెబుతాడు."

అందరూ నవ్వారు. ఆ తర్వాతే అసలు తమాషా జరిగింది. శ్రీదివ్య ఒక్కొక్కరినీ మూలకు పిలిచి, కాగితం చూసి ప్రశ్నలు అడుగుతుంటే, పిలిచిన ప్రతి ఆడమనిషీ లేస్తూనే కొంగు తలమీదికి లాక్కున్నది. వేసుకోమని ఎవరూ చెప్పలేదు. అదే మందిరం, అవే చాపలు, పక్కనే పాస్టరమ్మ గారు. లేచి నలుగురిలో తన సంగతి చెప్పడమంటే వాళ్ళకు తెలిసింది ఒకటే, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యం. జయకుమారి కూడా ముసుగు సర్దుకునే కూర్చున్నది.

"గత రెండు వారాల్లో అలసటగా ఉందాండీ? అసలు లేకపోతే ఒకటి, చాలా ఎక్కువైతే అయిదు."

జయకుమారి నోరు తెరిచింది. సాక్ష్యం ఎట్లా చెప్పాలో ఆమెకు చిన్నప్పట్నుంచీ తెలుసు. జ్వరం వచ్చింది, తగ్గింది, స్తోత్రం. పాము అడ్డం వచ్చింది, తప్పుకుంది, స్తోత్రం. సాక్ష్యంలో బాధ ఎప్పుడూ తీరిపోయే ఉంటుంది. తీరనిది ఇంకా సాక్ష్యం కాదు, దాన్ని తీరేదాకా ఇంట్లోనే ఉంచుకోవాలి. లేచి నిలబడి, ఇదిగో ఇప్పుడు, ఈ నిమిషాన నాకు నొప్పిగా ఉందని చెప్పినవాళ్ళను ఆమె పుట్టి ఎరగదు.

"దేవుని కృప వల్ల ఏం లేదండీ. ఒకటి," అన్నది.

పద్నాలుగుమందీ ఒకటే వేశారు. ఆ కాగితాలు నమ్మితే భూమ్మీద అలుపన్నదే ఎరగని ఊరు పర్చూరు పక్కన ఒకటుందని, రైళ్ళు వేసుకుని జనం చూడ్డానికి రావాలి.

తర్వాత ట్యాబులో ఒక పరీక్ష. తెర మీద ఎర్రచుక్క కనబడగానే వేలితో నొక్కాలి. పది నిమిషాలు అంతే, ఇంకేం పనిలేదు. ఇంకేం పనిలేని పది నిమిషాలు జయకుమారికి ఎప్పుడు దొరికాయో గుర్తులేదు. రెండు నిమిషాలు నొక్కింది. మూడో నిమిషంలో చుక్కలు మెత్తబడ్డాయి. నాలుగో నిమిషానికి కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. మహిమ తట్టబోతే శ్రీదివ్య చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నది. పది నిమిషాలూ అయ్యాక ఇంకో పావుగంట కూడా లేపలేదట. లేచి చూసుకుని జయకుమారి సిగ్గుతో చచ్చిపోయింది. పరీక్ష తప్పాను కదమ్మా అంటే, ఆ అమ్మాయి అదో మాదిరిగా నవ్వి, ఇందులో తప్పడం ఉండదండీ అన్నది.

చివర్లో చేతికి గడియారం లాంటిది ఒకటి కట్టింది. టైము చూపించదు. నల్లటి బిళ్ళ, దాని కింద ఆకుపచ్చ దీపం మిణుకుమంటూ ఉంటుంది. ఎంత నడిచారో, ఎంతసేపు కూర్చున్నారో, ఎంత నిద్రపోయారో అదే రాసుకుంటుంది. ఏడు రోజులు తియ్యకూడదు. నీళ్ళలో తడిసినా ఏం కాదు.

ఆ గడియారం జయకుమారి చేతికి ఒక్కరోజే ఉన్నది. ఆదివారం సాయంత్రం నుంచి మంగళవారం పొద్దున దాకా. జక్రయ్య పొలం నుంచి వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంట్లు తోమే చేతికి ఇదెందుకే, పాడైపోతుంది అన్నాడు. తడిసినా ఏం కాదంటయ్యా అని ఆమె అన్నది. అన్నదంతే. ఇంట్లోకి వచ్చిన కొత్త వస్తువు ఏదైనా ముందు మగవాడి చేతికే పోవడం వాళ్ళకు కొత్తకాదు. సెల్‌ఫోనూ అట్లాగే పోయింది, ఫ్యానూ అట్లాగే ఆయన మంచం వైపు తిరిగింది. బెల్టు వదులు చేసుకుని పెట్టుకున్నాడు. మర్నాడు టీకొట్టు దగ్గర, నా గుండె కొట్టుకోవడం గుంటూరులో కూర్చుని చూస్తున్నారని చెప్పాడు. మధ్యాహ్నానికి అది హైదరాబాదు అయింది. సాయంత్రానికి ఢిల్లీలో ఎవరో పెద్దడాక్టరు జక్రయ్య గుండె చూసి, ఇట్లాంటి గుండె ఈ దేశంలో రెండోది లేదన్నాడు. రాత్రి దాన్ని పెట్టుకునే పడుకున్నాడు. ఆయన గురకకు పక్కూరి మీదుగా పోయే లారీలు హారన్ అనుకుని తప్పుకుంటాయి. ఆ ఘనత కూడా యంత్రంలోకి ఎక్కి ఉంటుంది.

నడుమ ఒకరోజు శ్రీదివ్య రెండో దారిన వచ్చింది. జక్రయ్యను అడిగింది. మా ఇంటిదానికి అలుపేం లేదండీ, ఖాళీ ఎక్కువై నిట్టూరుస్తుందన్నాడు. ఆ అమ్మాయి అడుగుతున్నంతసేపూ గడియారమున్న చేతిని తొడకింద పెట్టుకునే కూర్చున్నాడు. కరుణమ్మను అడిగింది. కోడలు మంచిదే, మనసుకే కుదురు లేదన్నది. అక్కణ్ణుంచి ఆరోగ్య ఉపకేంద్రానికి పోయి రిజిస్టరు చూసింది. ఆ రిజిస్టరులో జయకుమారి పేరు మూడేళ్ళలో ఏడుసార్లు ఉన్నది. ఏడుసార్లూ పక్కన ఒకటే మాట, నీరసం.

ఆదివారం పోయి సోమవారం వచ్చింది. గడియారాలు తీసుకుపోయే రోజు. పొద్దున్నే జక్రయ్య దాన్ని విప్పి భార్య చేతికి కట్టి, ఏమీ ఎరగనట్టు ఉండు అని చెప్పాడు. శ్రీదివ్య కళ్ళం దగ్గరికే వచ్చింది. మంచం మీద లాప్‌టాప్ పెట్టి, గడియారానికి వైరు తగిలించింది. చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"జయకుమారి గారూ, ఇది మీతో విడిగా మాట్లాడతానండీ."

కరుణమ్మ కాయలు ఏరడం ఆపింది. జక్రయ్య గోనెలు లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడ్డాడు. విడిగా అంటే వంటింట్లోనే కదా, అనుకుంది జయకుమారి. వంటింట్లో చెప్పుకున్నవి వంటింట్లోనే ఉండిపోయాయి ఇన్నాళ్ళూ.

"పర్లేదమ్మా. ఇక్కడే చెప్పు."

"మీరు రోజుకు తొమ్మిది గంటలు నిద్రపోతున్నారండీ. మధ్యాహ్నం ఇంకో రెండు గంటలు. పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా ఒకేచోట కూర్చుంటున్నారు. చెయ్యి నోటిదాకా ఎత్తి దించుతున్నారు, టీ తాగినట్టుగా. మళ్ళీ సాయంత్రం కూడా అంతే."

జయకుమారి ముందు పొరమారిందనుకున్నది. తర్వాత అది పైకి వచ్చింది. చూస్తే నవ్వు. రెండేళ్ళుగా ఎక్కడ దాక్కున్నదో, తువ్వాలు కింద నుంచి తన్నుకుంటూ వచ్చింది. నడుం పట్టుకుని, మిర్చి రాశి మీదికి వంగి నవ్వింది. కారం కళ్ళలో పడి నీళ్ళు కారుతుంటే ఇంకా నవ్వింది. పిచ్చి ముదిరిందేమోనని కరుణమ్మ లేచి నిలబడింది. శ్రీదివ్య మాత్రం తెర మీద నుంచి కళ్ళు తియ్యలేదు.

"కానీ మొదటి రోజు ఇట్లా లేదు," అన్నది మెల్లగా. "మొదటి రోజు ఒక మనిషి, తర్వాతి ఆరు రోజులూ వేరే మనిషి."

గోనెలు లెక్కపెడుతున్న జక్రయ్య పన్నెండు దగ్గర ఆగిపోయాడు. ఎండకు నల్లబడ్డ మణికట్టు మీద బెల్టు వెడల్పున చెమటపొక్కులు తేలి ఉన్నాయి. అందరూ వాటినే చూశారు. ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

జయకుమారి దగ్గరికి పోయి తెర వంక చూసింది. ఆరు రోజుల గీతలు ఏటిగట్టు మీద పడుకున్న గేదెల్లా నున్నగా, బద్ధకంగా ఉన్నాయి. వాటికి పైన మొదటి రోజు గీత ఉన్నది. పల్లం లేదు. తెల్లవారుజామున నాలుగూ పదికి లేచిన గీత, రాత్రి పదకొండు దాటేదాకా దిగలేదు. ఇరవై రెండు వేల అడుగులట. రోజు మొత్తంలో కూర్చున్నది ముప్పై ఎనిమిది నిమిషాలట, అదీ ఒక్కసారిగా కాదు, నాలుగేసి నిమిషాల ముక్కలు. ఆ ముక్కల్లో కూడా చెయ్యి ఆగలేదు. నిద్ర అయిదు గంటలకు తక్కువ, నడుమ మూడుసార్లు లేచింది. ఎందుకు లేచిందో గడియారానికి తెలీదు. జయకుమారికి తెలుసు. ఒకసారి అత్తకు మంచినీళ్ళు, ఒకసారి మోటారుకు కరెంటు వచ్చిందని, ఒకసారి ఆయన అటు తిరిగి ఫ్యాను ఆపమన్నాడని.

ఇది నేనే, అనుకుంది. పిన్ని కూడా ఇదే అయి ఉంటుంది. బద్ధకస్తురాలు కాదు, పిచ్చిదీ కాదు. మూడోది ఒకటి ఉన్నది, దాని పేరు ఇంత చిన్నదా. రెండేళ్ళుగా భుజం మీద మోస్తున్న తడిగోనె ఎవరో వెనక నుంచి ఎత్తి దించినట్టయింది. బరువు పోయాక గానీ ఎంత బరువో తెలియలేదు.

"అయితే అలుపు నిజమేనన్నమాట, ఈ యంత్రం చెబుతోందిగా," అన్నది.

"యంత్రానికి అలుపు తెలీదక్కా." గారు పోయి అక్క వచ్చింది. "కదలడం ఒక్కటే తెలుసు దానికి. రిజిస్టరు ఒకటి చెప్పింది, మీవాళ్ళు ఒకటి చెప్పారు, ఆ రోజు మీరు పరీక్షలో నిద్రపోవడం ఒకటి చెప్పింది. అలిశారా లేదా అన్నది చెప్పాల్సింది మీరే. మీరేమో అయిదింట్లో ఒకటి అన్నారు."

జయకుమారి తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పింది. ముక్కు మీద నుంచి, తలమీద నుంచి మొత్తం తీసి, దులిపి, మంచం కోడు మీద వేసింది. నుదుటికి అంటుకున్న జుట్టు వెనక్కి తోసుకున్నది.

"ఆ కాగితం ఇంకోసారి అడుగు."

"గత రెండు వారాల్లో అలసటగా ఉందాండీ?"

"ఉంది."

"ఒకటి నుంచి అయిదు దాకా..."

"అయిదు. ఇంకా తీరలేదు. ఇప్పుడు కూడా ఉంది."

శ్రీదివ్య రాసుకున్నది. తర్వాతి ప్రశ్న అడగబోతుంటే జయకుమారి ఆగమన్నది. ఆమె ఎవరి వైపూ చూడలేదు, రాశి వైపే చూస్తూ అన్నది: "చెంచురామయ్య గారి రెండెకరాలూ నేను చెయ్యను. అది కూడా రాసుకో."

"అది ప్రశ్నల్లో లేదక్కా."

"పక్కన చోటుంటే రాయమ్మా. ఎక్కడో ఒకచోట రాసుంటే మంచిది."

శ్రీదివ్య కాగితం అంచున రాసింది. జక్రయ్య ఏదో అనబోయాడు. అనేవాడే గానీ, తల్లి కరుణమ్మ అడ్డం వచ్చింది. ఆమె రేకుల నీడలోంచి నెమ్మదిగా నడిచివచ్చి, తెర మీద ఆ మొదటి రోజు గీతను వేలితో ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా తాకింది. ఆమె వేలి కారం తెరకు అంటింది. ఏం చదివిందో గానీ, చివరకు కొడుకుతో ఒకే మాట అన్నది.

"మా రోజుల్లో ఇట్టాంటివి లేవు గానీరా, ఉంటే మీ నాయన కూడా లాక్కునేవాడు."

జక్రయ్య గోనెల్ని మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టుకున్నాడు. ఉగాదికి ముందే చెంచురామయ్య గారికి కబురు చేశాడు. వచ్చే ఏడు నల్ల తామర పురుగు ఎక్కువగా ఉంటుందంటున్నారండీ, ఈసారికి వదిలేస్తున్నానని. మిగతా ఊళ్ళన్నీ ఆ పురుగు గురించి ఇంకా ఎరగవు. అది జక్రయ్య ఒక్కడికే ముందుగా కనబడింది. కనబడనీ. జయకుమారికి కావలసింది ఎకరాలు ఆగడమే గానీ, కారణం ఎవరిదన్నది కాదు.

జవాబు మార్చి చెబుతామని కాగితాలు ఎవరెవరు వెనక్కి అడిగారో పాస్టరమ్మ గారికి తెలుసు. మహిమ మొదలు తొమ్మిదిమంది అడిగారు. ఈసారి ఎవరి ఇంటి అరుగు మీద వాళ్ళు కూర్చుని చెప్పారు. రెండో వారానికి గడియారాలు మళ్ళీ కట్టారు. బెల్టులు ఆడవాళ్ళ మణికట్లకు సరిపోయేలా బిగించి, విప్పితే తెలిసేట్టు దారపు ముడి వేసింది శ్రీదివ్య. ఆ వారం పోయాక పాస్టరమ్మ గారే వాటిని పోగుచేసి గుంటూరు పంపించారు.

నాలుగు రోజులకు జయకుమారికి ఫోను వచ్చింది. ఫోను ఈమధ్య ఆమె కొంగు ముడిలోనే ఉంటోంది. వంకాయలు తరుగుతూ చెవికి ఆనించుకున్నది. బ్రాడీపేట ఆటోల రొదలో శ్రీదివ్య గొంతు అనుమానంగా వినిపించింది.

"అక్కా, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మంగళవారం మధ్యాహ్నం ఒకటింపావు నుంచి రెండుంపావు దాకా గడియారం అసలు కదల్లేదు. బుధవారం కూడా అంతే. గురువారం కూడా. ముడి విప్పి మళ్ళీ జక్రయ్య అన్నకు గానీ ఇచ్చారా?"

జయకుమారి కత్తిపీట పక్కకు జరిపి, గోడకు చేరగిలబడింది.

"లేదమ్మా," అన్నది. "అది నేనే."